పదిహేనో కోడి

నా పేరు, మా నాన్న పేరు, ఇంటి నంబరు పైన రాసుకున్నారు కాబట్టి మళ్లీ చెప్పడం లేదు. వయసు నలభై ఏడు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌ని. పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఈ పంతొమ్మిదేళ్లలో నా మీద ఒక్క మెమో కూడా లేదు. ఆ సంగతి మీరు అడగలేదు. ఇకమీదట చెప్పుకోలేను కాబట్టి ఇప్పుడే చెప్తున్నాను.

ఇవాళ ఇరవై ఒకటో తేదీ, శుక్రవారం. ఉదయం తొమ్మిదీ అయిదుకి నా అంతట నేనే స్టేషన్‌కి వచ్చాను. నిన్న సాయంత్రం మీరు తీసుకొచ్చి కూర్చోబెట్టిన గుడ్ల సైకిలాయన ఏ తప్పూ చేయలేదని చెప్పడానికి వచ్చాను. పెద్దరోడ్డు అవతలి వీధిలోకి జబ్బు కోళ్లని తెచ్చింది ఆయనేనని జనం పట్టుకుని సైకిలు విరగ్గొట్టారు. సార్, ఆయన అమ్మేది గుడ్లు. కోడిని చేత్తో ఎత్తుకోవాలంటే ఆయనకి భయం. మా అక్క దగ్గరికి గుడ్లకొస్తే గేటు బయటే నిలబడి, "పెత్తనాన్ని కట్టెయ్యమ్మా, అప్పుడొస్తా" అనేవాడు. పెత్తనం అంటే అక్క పెంచే ఒక పెట్ట. మనిషి కనబడితే మడమలు పొడిచేది.

మా అక్క గురించి చెప్పాలి. అక్క వయసు యాభై ఎనిమిది. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటికి అక్కకి పదిహేడు. నన్ను పెంచింది అక్కే. నా పుస్తకాలకి అట్టలు వేసిందీ, నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుందీ, నా పెళ్లికి పిల్లని చూసిందీ అక్కే. బావ లారీ డ్రైవరు. ఆరేళ్ల కిందట పోయాడు. పిల్లల్లేరు. ఇంటి ముందుగదిలో ఇస్త్రీ షాపు. వెనక చిన్న పెరడు. ఆ పెరట్లో కోళ్లు.

కోళ్లకి గూడు చేసింది పాత చెక్క బీరువాతో. అరలు తీసేసి, అడ్డంగా కర్రలు బిగించి, తలుపులకి జాలీ కొట్టించింది. పొద్దున ఆరింటికి తలుపు తీసేది. ముందు నీళ్ల చట్టి కడగడం, తర్వాతే తన కాఫీ. ఇస్త్రీ పెట్టెలోంచి వచ్చిన బొగ్గుల బూడిదంతా పెరట్లో ఒక మూల గుంటలో పోసేది. కోళ్లు మధ్యాహ్నం అందులో పొర్లేవి. దాంతో ఒంటికి పేలు పట్టవు. గుడ్డు పెంకులు వేయించి, నలిపి, నూకల్లో కలిపి పెట్టేది. సాయంత్రం గూట్లోకి ఎక్కేటప్పుడు ఒక్కోదాన్నీ పట్టుకుని మెడ కింద తిత్తి నిండిందో లేదో తడిమి చూసేది. నిండకపోతే ఆ కోడితో మాట్లాడేది, "ఏమే, అలిగావా?" అని.

నేను పరీక్ష పాసై ఉద్యోగంలో చేరినవాణ్నే. కానీ కోడికి ఒంట్లో బాగోలేదని కనిపెట్టడం నాకు నేర్పింది అక్క. "మందు సంగతి తర్వాత. ముందు దాని నడక చూడు," అనేది.

మొత్తం పద్నాలుగు పెట్టలు, ఒక పుంజు. పుంజు పేరు హెడ్మాస్టరు. కాళ్లకి ఈకలున్నదాని పేరు లాగు. ఎప్పుడూ ఏదో ఒకటి గొణిగేదాని పేరు అత్తగారు. పెత్తనం గురించి చెప్పాను. ఇంకోటి నంగనాచి. గోధుమరంగు, మెడ మీద తెల్ల చుక్కలు. గూట్లో గుడ్డు పెట్టమంటే పెట్టదు. ఎవరూ చూడకుండా షాపులోకొచ్చి ఇస్త్రీకొచ్చిన బట్టల గంపలో పెట్టి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చేది. ఒకసారి లెక్కల మాస్టారి చొక్కాల మధ్య పెట్టింది. అక్క ఆ గుడ్డుని చొక్కాలతో పాటే పంపి, "దీనికి మడత పడలేదు, ఏమనుకోకండి" అని చెప్పమందట. మాస్టారు ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతారు. అంటే మొన్నటిదాకా నవ్వేవారు.

కిందటి నెల పదహారున నంగనాచి గుడ్లు పొదగడానికి కూర్చుంది. పదకొండు గుడ్లు. షాపు వెనక గదిలో, ఇస్త్రీ బల్ల కింద, విరిగిన గంపలో. అక్క క్యాలెండర్ మీద పదహారు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసింది. రోజుకి ఒక్కసారి, మధ్యాహ్నం, పావుగంట మాత్రం లేచి తిని, నీళ్లు తాగి, మళ్లీ వచ్చి కూర్చునేది. రొమ్ము కింది ఈకలు తనే పీకేసుకుంది, గుడ్లకి ఒంటి వేడి తగలాలని. అక్క ఫోన్లో చెప్పింది, "చూడరా, నంగనాచి అనుకున్నాం గానీ ఎంత బాధ్యతో" అని.

ఈ నెల రెండో తేదీన ఊరి చివర పెద్ద కోళ్ల ఫారంలో జబ్బు తేలింది. కోళ్లు ముఖాలు వాచి, తురాయి నల్లబడి, వందల్లో పోయాయి. మూడో తేదీన ఉత్తర్వులొచ్చాయి. ఫారం నుంచి కిలోమీటరు లోపల ఎవరింట్లో ఉన్న కోడైనా సరే, బాగున్నా సరే, తీసేయాలి, అంటే చంపి పూడ్చేయాలి. పెద్దరోడ్డే హద్దు. రోడ్డుకి ఇవతల తీసేయాలి, అవతల చూసి రాసుకోవాలి. మా అక్క ఇల్లు ఇవతల.

మూడో తేదీ సాయంత్రం అయిదింటికి వెళ్లి అక్క కోళ్లని రాసుకున్నది నేనే. పదిహేను అని రాశాను. "పొద్దున వాటికి మేత పెట్టనా, వద్దా?" అని మాత్రం అక్క అడిగింది. పెట్టమన్నాను.

నాలుగో తేదీ, మంగళవారం. మా జట్టులో డాక్టరుగారు, నేను, ఇద్దరు అటెండర్లు. ఆ వీధి నాకు వేయమని నేనే అడిగాను. పరాయి చేతులెందుకని. డాక్టరుగారు ఒకసారి నా ముఖంలోకి చూసి సరే అన్నారు. ఏడూ నలభైకి అక్క ఇంటికి చేరాం. పెరడు ఇరుకు కాబట్టి నేనొక్కణ్నే లోపలికి వెళ్లాను. మిగతావాళ్లు గేటు దగ్గర సున్నం, సంచులు సిద్ధం చేస్తున్నారు. నేను తెల్ల సూటు, కళ్లద్దాలు, మాస్కు వేసుకుని ఉన్నాను. నన్ను చూసి కోళ్లు బెదిరి బీరువా వెనక్కి పోయాయి. పిల్లలుగా ఉన్నప్పటి నుంచీ నన్ను ఎరిగినవే అవన్నీ.

అక్క వచ్చింది. "నువ్వు పట్టుకోకు. నేనందిస్తా," అంది.

ఒక్కోదాన్నీ ఎత్తుకుని, వీపు మీద రెండుసార్లు నిమిరి, పేరు చెప్పి నా చేతికిచ్చింది. "ఇది లాగు." నేను పని చేసి సంచిలో వేశాను. "ఇది అత్తగారు." సంచిలో వేశాను. పెత్తనం నా చేతిలోకి వచ్చేటప్పుడు కూడా నా గ్లవ్ పొడిచింది. అక్క, "పొడవకే, తమ్ముడే," అంది. నేను అది విన్నాను. పని చేసి సంచిలో వేశాను. చివరికి హెడ్మాస్టర్ని ఇచ్చింది. అది కూయలేదు.

పద్నాలుగు అయ్యాయి. టైము ఎనిమిదీ ఇరవై.

"నంగనాచి?" అన్నాను.

అక్క లోపలికి నడిచింది. నేను సూటు, బూట్లు విప్పేసి గేటు దగ్గర పెట్టి, నా చెప్పులు వేసుకుని వెనక గదిలోకి వెళ్లాను. సూటుతో వెళ్తే గుడ్ల మీదున్నది బెదురుతుందని విప్పాను. తీసేయాల్సిన కోడి బెదిరితే ఏం, బెదరకపోతే ఏం అని మీరడగొచ్చు. ఆ టైములో నాకా ప్రశ్న రాలేదు.

అక్క బల్ల కింద వంగి, కోడి కిందికి చెయ్యి పోనిచ్చి ఒక గుడ్డు తీసి నా చెవి దగ్గర పెట్టింది. "విను."

లోపల గోరుతో గీకినట్టు చప్పుడు. చాలా చిన్నగా.

"ఎల్లుండికి ఇరవై ఒకటి. రెండ్రోజులు ఆగరా," అంది.

"అక్కా, కుదరదు. ఉత్తర్వు."

"కుదరదని నాకు తెలుసు. నేను నిన్ను ఇంతవరకూ ఏమైనా అడిగానా?"

అడగలేదు సార్. నలభై ఏళ్లలో నన్ను ఏదీ అడగలేదు. ఆఖరికి ఒక చీర కూడా.

"ఎల్లుండి నేనే వస్తా. తల్లినీ పిల్లల్నీ తీసుకెళ్తా. అప్పుడు ఏడవకూడదు," అన్నాను.

"ఏడవను. పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చి ఒక్కసారి వెలుతురు చూస్తే చాలు," అంది.

గుడ్డు తీసుకుని మళ్లీ కోడి కింద పెట్టింది. కోడి రెక్క కొంచెం ఎత్తి చోటిచ్చింది.

బయటి నుంచి డాక్టరుగారు, "అయిందా?" అని కేకేశారు.

"అయింది సార్," అన్నాను.

లెక్క కాగితంలో 'గుర్తించినవి' అన్నచోట పదిహేను ఉంది. 'తొలగించినవి' అన్నచోట పదిహేను అని రాసి సంతకం పెట్టాను. సంచిలో ఉన్నవి పద్నాలుగు. డాక్టరుగారు నా మాట నమ్మి కింద సంతకం పెట్టారు. ఆయనకేమీ తెలియదు. సంచి మూతి కట్టింది కూడా నేనే.

అక్కణ్నుంచి తొమ్మిదిన్నరకి పెద్దరోడ్డు దాటి అవతలి వీధిలో కోళ్లని రాసుకోవడానికి వెళ్లాను. నాలుగో ఇల్లు వడ్రంగిది. వాళ్లావిడ అయిదు కోళ్లని పెంచుతుంది. ఆవిడ పెరట్లో పది నిమిషాలున్నాను. కాళ్లకి అవే చెప్పులు, అక్క వెనక గదిలో తిరిగిన చెప్పులు. మందునీళ్లలో ముంచలేదు. రోజూ వందమందికి చెప్పేవాణ్ని ముంచమని.

ఆరో తేదీ, గురువారం. పొద్దున ఏడింటికి అక్క ఫోను. "తొమ్మిది! రెండు గుడ్లు మురిగాయి. తొమ్మిది పిల్లలు. ఒకటి నల్లది, అచ్చం హెడ్మాస్టరే," అంది. అంత సంతోషమైన గొంతు బావ పోయాక మళ్లీ వినలేదు. "వస్తున్నావా?" అని అడగలేదు. నేనూ వస్తున్నానని అనలేదు.

ఆరో తేదీన నేను వెళ్లలేదు. కోళ్ల ఫారం దగ్గర డ్యూటీ ఉంది. ఏడో తేదీన డ్యూటీ లేదు. వెళ్లలేదు. ఎనిమిదో తేదీన వెళ్లలేదు. కోడి బాగానే ఉందట, తింటోందట, జబ్బుంటే ఈపాటికి తెలిసేది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అలా చెప్పుకోకూడదని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? వెళ్లలేదు.

ఎనిమిదిన, శనివారం, అక్క ఇస్త్రీ బట్టలివ్వడానికి వడ్రంగి ఇంటికి వెళ్లింది. ఆ సంగతి అక్క బట్టల పుస్తకంలో చూశాను. జబ్బుని అక్కడికి మోసింది నా చెప్పులో, అక్క చెప్పులో నాకు తెలియదు. రెండిట్లో ఏదైనా సరే, గుడ్ల సైకిలాయన మాత్రం కాదు. వడ్రంగివాళ్ల కోళ్లు పన్నెండో తేదీ నుంచి పోవడం మొదలైంది. ఆ తర్వాత ఆ వీధిలో కోళ్లన్నిటినీ తీసేశారు. అక్కడ కూడా ఎవరో ఒకరు తమ కోళ్లని అందించే ఉంటారు.

పదమూడో తేదీ, గురువారం, పదింటికి అక్క పక్కింటి టైలరు ఫోన్ చేశాడు. "బాబూ, మీ అక్క రెండ్రోజులుగా షాపు తీయలేదు. పిలిస్తే పలుకుతోంది గానీ లేవట్లేదు," అన్నాడు. పదీ ఇరవైకి వెళ్లాను.

అక్క వెనక గదిలో కింద పడుకుని ఉంది. ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. పక్కన బట్టల గంపలో, బల్బు కింద, ఆరు కోడిపిల్లలు. బల్బు వేడి ఎక్కువ కాకుండా గంప మీద సగం వరకూ ఇస్త్రీ బల్ల గుడ్డ కప్పింది. అంత జ్వరంలో కూడా నీళ్ల మూతలో గులకరాళ్లు వేసింది, పిల్లలు పడి మునిగిపోకుండా.

"నంగనాచి ఏదక్కా?"

"ఆదివారం పోయిందిరా."

"ఎలా పోయింది?"

"ముఖం వాచింది. కూర్చున్నచోటే కూర్చుంది. ఒళ్లో పెట్టుకున్నా. ముక్కు కారుతుంటే తువ్వాలుతో తుడిచా. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా నా ఒళ్లోనే ఉంది. మూడు పిల్లలు కూడా పోయాయి. నీకు చెప్తే నీ ఉద్యోగం..." అని దగ్గు వచ్చి ఆగిపోయింది.

నాకు చెప్పకపోవడానికి కారణం నేను. ఆ ముక్క అలాగే రాయండి.

అక్కని పెద్దాసుపత్రిలో చేర్పించాను. నాలుగో తేదీన కోళ్లని తీసేసేటప్పుడు ముట్టుకుందని అక్కడి డాక్టరుకి చెప్పాను. వేరే గదిలో పెట్టారు. మందు వెంటనే మొదలుపెట్టారు. కానీ ఆదివారం దాకా జబ్బు కోడి ఒళ్లో ఉందని చెప్పలేదు. చెప్పి ఉంటే వైద్యం మారేదా అని నిన్న ఆ డాక్టరునే అడిగాను. మారదు, కానీ వడ్రంగివాళ్ల వీధికి జబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో ముందే తెలిసేది అన్నారు.

పద్నాలుగో తేదీ, శుక్రవారం, ఉదయం ఏడుంపావుకి అక్క ఇంటికి వెళ్లాను. సూటు, మాస్కు, గ్లవ్స్ అన్నీ వేసుకున్నాను. గంపని పెరట్లోకి తెచ్చాను. ఆరూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. నల్లది బతికే ఉంది. నా వేలు కదిలిస్తే మేత అనుకుని అన్నీ పొడవడానికి వచ్చాయి. అందించడానికి ఎవరూ లేరు. నేనే ఒక్కోదాన్నీ తీసుకుని, నేనే పని చేశాను. వాటికి అక్క పేర్లు పెట్టిందో లేదో నాకు తెలియదు. నంగనాచిని పూడ్చిన చోటు బూడిద గుంట పక్కనే కనబడింది. లోతుగా తవ్వి, సున్నం చల్లి, అన్నిటినీ ఒకే చోట పూడ్చాను. గంపని కాల్చేశాను. అందులో తోమిన స్టీలు మూత, గులకరాళ్లు ఉన్నాయి. అవి కాలవు కదా. ఇంకా అక్కడే ఉన్నాయి. కావాలంటే చూసుకోవచ్చు.

ఆరోజే పన్నెండున్నరకి ఆసుపత్రిలో మాస్కు వేసి లోపలికి పంపారు. అయిదు నిమిషాలే అన్నారు. అక్కకి ముక్కు మీద గొట్టం ఉంది. నన్ను చూసి చెయ్యి ఎత్తింది. నేను ఉత్తచేత్తో పట్టుకోకూడదు. గ్లవ్‌తో పట్టుకున్నాను.

ఆ తర్వాత మధ్యాహ్నం మూడింటికి ఊపిరికి మిషను పెట్టారు. ఇక మాట్లాడలేదు. పంతొమ్మిదో తేదీ, బుధవారం, పదకొండూ నలభైకి పోయింది. మా ఆవిడ కూడా దగ్గర లేదు. అద్దం ఇవతల నేనొక్కణ్నే ఉన్నాను.

నన్నెవరైనా బలవంతపెట్టారా అని అడిగారు. లేదు. అక్క అడిగింది, నేను ఒప్పుకున్నాను. కాదనే అధికారం, బాధ్యత, చదువు అన్నీ నా దగ్గరున్నాయి, అక్క దగ్గర లేవు. అందుకని ముద్దాయిల్లో అక్క పేరు రాయొద్దని వేడుకున్నాను. చనిపోయినవాళ్ల పేరు రాయరని మీరు చెప్పారు. సరే.

డాక్టరుగారికి, అటెండర్లకి, టైలరుకి, గుడ్ల సైకిలాయనకి ఇందులో ఏ సంబంధమూ లేదు. వడ్రంగివాళ్లావిడకి క్షమాపణ చెప్పాలి. ఆవిడ ముందుకి వెళ్లి ఎలా నిలబడాలో తెలియడం లేదు. మీరు ఎప్పుడు పంపిస్తే అప్పుడు వెళ్తాను.

నేను తప్పుగా చెప్పిన మాటలు ఇంకేమైనా ఉన్నాయా అని చివరగా అడిగారు. ఉన్నాయి. ఆరోజు ఆసుపత్రిలో ఆ అయిదు నిమిషాల్లో అక్క నన్ను ఒక్కటే అడిగింది.

"పిల్లలు ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయక్కా," అన్నాను.

"తింటున్నాయా?"

"తింటున్నాయి. నల్లది ముందు తింటోంది."

అక్క కళ్లు మూసుకుని తలూపింది. కాసేపటికి, "నీ దగ్గరే ఉంచుకో," అంది.

"ఉంచుకుంటా," అన్నాను.

లెక్క కాగితంలో రాసిన పదిహేను అబద్ధం. దాన్ని ఇవాళ మీ ముందు దిద్దుకున్నాను. అక్కతో అన్న మాటలూ అబద్ధమే. వాటిని దిద్దుకోను.

పైన రాసిందంతా రైటరుగారు నాకు నెమ్మదిగా చదివి వినిపించారు. రెండుచోట్ల తేదీలు సరిచేయించాను. నన్నెవరూ భయపెట్టలేదు, ఆశపెట్టలేదు. నా నోటితో నేను చెప్పిందే ఇందులో ఉంది, అంతా నిజమని ఒప్పుకుని సంతకం పెడుతున్నాను. టైము పదకొండూ పది.

(సంతకం)
కాంపౌండర్, పశువుల ఆసుపత్రి